తడ బాటను మోసిన భుజములు

చెన్నపట్టణమునుండి ఉత్తరముగా బయలుదేరినవాడు గుమ్మిడిపూండి దాటి, ఆరంబాక్కము దాటి, సుమారు 80 కిలోమీటర్లు వచ్చునప్పటికి తమిళ అక్షరముల బోర్డులు ముగిసి తెలుగు అక్షరములు కంటబడును, అదియే తడ. తూర్పున పులికాటు సరస్సు, పడమట వరదయ్యపాళెము మీదుగా శ్రీకాళహస్తికి చీలిపోవు బాట, నడుమ రైలుకట్ట, ఆ కట్టకు తోడుగా పరుగెత్తు జాతీయ రహదారి: ఇంతే ఈ ఊరి స్వరూపము. నెల్లూరు జిల్లాలో తరతరములుగా నుండి 2022 ఏప్రిలులో తిరుపతి జిల్లాలో చేరిన ఈ ఊరిని చూచుటకై వచ్చువారు కొందఱే. దీని మీదుగా పోవువారు లెక్కకు అందనంతమంది. అందుచేత తడ చరిత్రయన ముఖ్యముగా బాట చరిత్రయే.

ఈ బాట మీద నేను మోటారుసైకిలుపై నెల్లూరికి పోయి వచ్చుట చిరకాలముగా అలవాటు. పోయిన ప్రతిసారియు తడ సమీపించువేళకు కుడివైపున, మెడ మొదటికిని జబ్బకును నడుమ, బొటనవ్రేలితో మూయదగినంత చోట నిప్పుకణిక పెట్టినట్లు ఒక నొప్పి పుట్టి, సూళ్లూరుపేట చేరునప్పటికి రెక్కయెముక క్రిందికి జారి, నాయుడుపేటకు పోవునప్పటికి చేయి ఎత్తి హెల్మెటు తీయుటయే కష్టమగునంత ముదురుచుండెను. మొదట దీనిని వయస్సుదోషమనుకొంటిని, పిదప సీటుదోషమనుకొంటిని. తైలములు రాచితిని, వేడినీటి కాపడము పెట్టితిని. తగ్గినట్లే తగ్గి మరల బండి ఎక్కగానే అది నాకంటె ముందు తడలో దిగి కూర్చుండెడిది. ఈ బాట పూర్వగాథలను తిరుగవేయు వేళ నాకు బోధపడినదేమనగా, ఇచ్చట భుజము నొచ్చిన మొదటివాడను నేను కాను. ఇంజను పుట్టుటకు ముందు ఈ త్రోవను నడిపించినది మనుష్యుల భుజములే. ఆ భుజములకు ఒక విద్య యుండెను. ఆ విద్య మోయువారితోనే పోయినది.

ఏనుగుల వీరాస్వామయ్యగారిని తలంపక ఈ దేశపు బాటలను గూర్చి వ్రాయుట సాధ్యము కాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆ మహాశయుడు 1830 మే 18వ తేదీని కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మార్గమున ఉత్తరదేశము చేరి, కలకత్తానుండి సముద్రతీరపు బాటను పట్టుకొని జగన్నాథము, రాజమహేంద్రవరము, నెల్లూరు మీదుగా దక్షిణమునకు దిగి 1831 సెప్టెంబరు 3వ తేదీని స్వగృహము చేరెను. ఆ పదునైదు మాసముల ప్రయాణమును పల్లకిబోయీల భుజములు మోసినవి. మజిలీలో నీరున్నదా, నీడయున్నదా, అంగళ్లలో ఏమి దొరకును అని ఆయన ప్రతిచోటను వ్రాసికొనుటకు కారణము కేవలము కుతూహలము కాదు; మోయువాని దేహము నిలుచుటకు కావలసినవి అవియే గనుక.

పల్లకి మోయుటలో బలముకంటె క్రమము ముఖ్యము. కొమ్మును పట్టిన బోయీలు అడుగులు కలిపి నడుచుచు, ముందువాడు బాటలోని రాయిని, గుంటను పాటగా చెప్పగా వెనుకవాడు అందుకొనుచు పోవుదురు. ఆ పాట వినోదము కాదు. ఊపిరిని బిగబట్టనీయని ఉపాయము. పాడువాడు ఊపిరి విడువక తప్పదు, ఊపిరి విడిచిన వాని భుజము చెవివైపునకు బిగిసికొనదు. ఒకరు మోయుచుండగా మఱికొందఱు ప్రక్కన ఊరక నడుతురు. నియమితమైన దూరము కాగానే కొమ్ము క్రిందికి వీరు దూరి వారిని విడిపింతురు. పల్లకి నిలువదు, భుజము మారును. కొమ్మునకును చర్మమునకును నడుమ మడిచిన తువాలు ఉండును. చెమటకు తడిసినకొలది దానిని మడత మార్చి పెట్టుకొందురు. తపాలా మోసిన పరుగువాండ్రది మఱియొక తీరు: సంచిని కఱ్ఱకు కట్టి భుజమున వేసికొని, గజ్జెల చప్పుడుతో పరుగెత్తి, తనవంతు దూరము ముగియగానే మఱియొకనికి అందించి కూర్చుండుట. ఎంత తొందర గల ఉత్తరమైనను ఒక్క మనిషి భుజము మీద చివరివఱకు పోలేదు.

బాటకు తూర్పుగా నీటిబాట యొకటి ఉండెను. దానిని గూర్చి ఆగి చెప్పవలెను. 1806లో బేసిల్ కాక్రేన్ అను వర్తకుడు చెన్నపట్టణమునుండి ఎన్నూరువఱకు త్రవ్వించిన ఉప్పునీటి కాలువ, పిదప ప్రభుత్వహస్తగతమై, పులికాటు సరస్సును చేరి, క్రమముగా కృష్ణా గోదావరీ మండలముల కాలువలతో కలిసిపోయినది. ధాత కరవునాడు ఆకలిగొన్న జనమునకు కూలి చూపించుటకై 1877–78 సంవత్సరములలో చెన్నపట్టణమున కూము, అడయారు నదులను కలుపు భాగమును త్రవ్వించిరి. అప్పటి గవర్నరు బకింగ్‌హాము ప్రభువు పేర 1878లో ఈ కాలువకు బకింగ్‌హాము కాలువయని నామకరణము జరిగినది. కాకినాడ మొదలు విల్లుపురము ప్రాంతమువఱకు దీని పొడవు 796 కిలోమీటర్లు. శ్రీహరికోట అడవుల వంటచెఱకు ఈ నీటిమీదనే చెన్నపట్టణపు పొయ్యిలను చేరినది. ఉప్పు, ధాన్యము, సున్నపుగుల్ల ఇట్లే పోయినవి. గాలి యున్నప్పుడు తెరచాప, గాలి పడిపోయినప్పుడు గట్టుమీద నడచు మనిషి భుజమునకు తగిలించిన త్రాడు, లోతు తక్కువైన చోట గెడ.

ఈ గెడ వేసిన వృద్ధుని ఒకరిని తడలోనే, బస్సులాగు చోటికి ఎదుటనున్న టీబంకు వద్ద చూచితిని. నేను బండి దిగి కుడిభుజమును ఎడమచేత పిసుకుకొనుచుండగా ఆయన కొంతసేపు చూచి, బల్లమీద చోటిచ్చి, తన చొక్కా మెడబొత్తాము విప్పి చూపెను. జత్రువు క్రింద, భుజకీలునకు ఈవల, అరచేతి గుంటవంటి పల్లము. దాని అంచున చర్మము ఎండిన తోలువలె నల్లబడి గట్టిపడి యున్నది. భుజములు కాయలు కాచినవని మనము మాటవరుసకు అందుము. ఆ కాయను అంత దగ్గఱగా నేను చూచుట అదే మొదలు. చిన్నతనమున తండ్రితోకూడ కట్టెల పడవమీద పోయి, పడవ ముందుకొననుండి గెడను అడుగున దించి, దాని పైకొసను ఆ పల్లమునకు ఆనించి, తలవంచి పడవ అంచువెంబడి వెనుకకొనవఱకు నడచి, మరల గెడను పెఱికికొని ముందుకు వచ్చుట: ఇది ఆయన తెలవారినది మొదలు చీకటిపడువఱకు చేసిన పని.

“ఇంత గుంట పడిందే, నొప్పి పుట్టేది కాదా పెద్దాయనా?” అని అడిగితిని.

“చర్మం మండేది గానీ లోపల నొప్పి రాలేదు నాయనా. గెడను తోసేది భుజం కాదు, కాళ్లు. భుజం ఊరికే ఆనిచ్చుకునేదానికి. కొత్తగా వచ్చినోళ్లు చేతుల్తో తోస్తారు, మూడోనాటికి పడుకుంటారు” అని చెప్పి, నా బండివైపు చూచి, “నువ్వు దాన్ని చేతుల్తో తోసుకొస్తుండావు” అనెను.

ఆ మాట నన్ను వదలలేదు. ఆయన చెప్పినది వైద్యగ్రంథములయందు విస్తరముగా వ్రాయబడినదే. చేయి యన్నది మొండెమునకు గట్టి కీలుతో బిగింపబడినది కాదు. జత్రువు ఒక్కటియే దానికి ఎముకల కట్టు, తక్కినదంతయు కండరముల వ్రేలాట. కాళ్లయందును నడుమునందును పట్టు లేక దేహభారమును హ్యాండిలు మీద మోపినప్పుడు, ఆ భారము మణికట్టునుండి పైకి ఎక్కి, మోచేయి బిగిసి కఱ్ఱవలె నున్నయెడల ఎక్కడను ఆగక నేరుగా మెడమొదటి కండరములను చేరును. బాటలోని ప్రతి కుదుపును, ఇంజనులోని ప్రతి అదురును అదే త్రోవను పట్టును. ఎడమచేయి అప్పుడప్పుడు క్లచ్చికి కదలును గాని, కుడిచేయి యాక్సిలరేటరును త్రిప్పి గంటలకొలది ఒక్కతీరున పట్టియుండవలెను. నిలుచుండిపోయిన కండరము పనిచేయు కండరముకంటె త్వరగా నొచ్చును. సుశ్రుతుడు వాతవ్యాధులలో అంసశోషమును, అవబాహుకమును ప్రత్యేకముగా పేర్కొనుటను చూడగా, భుజము తన పనిని మానుకొనుట ఈ దేశమున ప్రాచీనకాలమునుండియు ఎఱిగిన దుఃఖమే.

భుజము మోయుటను కళగా చేసినది కావడి. వెదురు చీల్చి చెక్కిన బద్దకు ఇరుకొసల ఉట్లు కట్టి, వానిలో కుండలో, చేపలబుట్టలో, బియ్యపుమూటలో పెట్టి నడచువానిని చూచినవారికి జ్ఞప్తికి వచ్చును: బద్ద ఊగుచుండును. బరువు క్రిందికి దిగునప్పుడు బద్ద వంగి కొంత అణచుకొనును. పైకి లేచునప్పుడు భుజమునకు క్షణమాత్రము తెరపి దొరకును. మనిషి తన అడుగును ఆ ఊపునకు కలుపుకొని చిన్న పరుగుతో పోవును. నొప్పి పుట్టుటకు ముందే, నడక ఆపక, మెడ వంచి బద్దను వీపుమీదుగా రెండవ భుజమునకు జార్చుకొనును. వంగని దూలమును భుజమున పెట్టుకొని అంత దూరము పోగలవాడు లేడు. ఈ సీమలో కావడి దేవునిపని కూడ. శివగిరి శక్తిగిరులను కావడి కట్టి మోసిన ఇడుంబుని కథను తలంచుకొనుచు ఆడికృత్తికకు చిత్తూరుసీమ తెలుగువారు పూలకావళ్లు ఎత్తి తిరుత్తణి కొండకు నడచుట నేటికిని ఉన్నది. ఆ తిరుత్తణి 1960 ఏప్రిలు 1వ తేదీని సరిహద్దుల మార్పులో మద్రాసు రాష్ట్రమునకు పోయినది, తడకు పడమటనున్న సత్యవేడు ప్రాంతము మనకు వచ్చినది. కావళ్లు మాత్రము పాత త్రోవలనే నడచుచున్నవి.

1899లో బెజవాడకును చెన్నపట్టణమునకును రైలు కలిసినది. పల్లకికి అంత్యకాలము అదియే. కాలువపడవలు మఱికొంతకాలము నిలిచి, లారీల పోటీకిని తుపానుల దెబ్బకును లోబడి క్రమముగా మాయమైనవి. 1949లో టి.ఐ. సైకిళ్ల సంస్థ స్థాపింపబడి అంబత్తూరున సైకిళ్లు తయారగుట మొదలైన పిమ్మట పల్లెలలో కావడి సైకిలు వెనుకకు మారినది. సైకిలు నెమ్మదియైన వాహనము. తొక్కువాని భారము కాళ్లమీదనే యుండును, దిగవలెననుకొన్నచోట దిగును. దానివలన భుజమునకు పెద్ద అపకారము కలుగలేదు.

పిదప మోటారుసైకిలు. మన బాటకు దీనితోగల చుట్టఱికము సామాన్యమైనది కాదు. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమునకు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డు వారితో మద్రాసు మోటార్సు సంస్థ చేయి కలిపి 1955లో ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించినది తిరువొత్తియూరున. తడకు అది ఒక పూట ప్రయాణము కూడ కాదు. సరిహద్దుల గస్తీకై మన సైన్యము కోరుకొనిన 350 బుల్లెటు అచ్చట తయారై పోలీసు ఠాణాలకు, కాంట్రాక్టరులకు, మోతుబరి రైతులకు చేరినది. ఒకే సిలిండరు, 70 మిల్లీమీటర్ల వ్యాసము, 90 మిల్లీమీటర్ల దెబ్బ. దాని చప్పుడును బట్టి వచ్చువాడెవడో ఊరిముందఱనే గుర్తుపట్టెడివారు. దాని హ్యాండిలు దగ్గఱగా, ఎత్తుగా ఉండుటచేత నడపువాడు కుర్చీలో కూర్చున్నట్లు నిటారుగా కూర్చుండెడివాడు. ఇదే త్రోవలో, ఎఱ్ఱకొండల చెఱువు దాటిన పిమ్మట, షోళవరమున రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానపు బాట కలదు. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు వారు అచ్చట పందెములు నడిపిరి. రొమ్మును ట్యాంకునకు ఆనించి గాలిక్రింద దూరి పోవు భంగిమను ఈ ప్రాంతపు కుఱ్ఱవాండ్రు మొదట కన్నులార చూచినది అచ్చటనే. ఆ భంగిమ కొన్ని నిమిషముల పందెమునకు పనికివచ్చునది. దానిని దినమంతయు పోవలసిన ప్రయాణమునకు అరువు తెచ్చుకొనుట తరువాతికాలపు పొరపాటు.

1960, 70 ప్రాంతములలో బుల్లెటుపై చెన్నపట్టణమునుండి నెల్లూరికి పోయిన పెద్దలను కొందఱిని అడిగి చూచితిని. నడుమునొప్పి చెప్పినవారున్నారు, సైలెన్సరు వేడికి పిక్క కాలినదని మచ్చ చూపినవారున్నారు. భుజమునొప్పిని తమంతట తాము చెప్పినవారు లేరు. బండి నిటారుతనము ఒక కారణము కావచ్చును. కాని నా మనస్సునకు తోచు ముఖ్యకారణము బాటయే. నాటి గ్రాండ్ నార్తర్న్ ట్రంకు రోడ్డు ఇరుకైనది. ఎదురుగా లారీ వచ్చినచో మట్టిలోనికి దిగవలెను. వంతెన మీద ఒకరు పోవువఱకు ఒకరు ఆగవలెను. రైలుగేటు పడినచో ఇంజను ఆపి, దిగి, చేతులు విదిలించుకొని, గేటువాని కుండలోని నీళ్లు త్రాగవలెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడి తడ ఎల్లయైన పిమ్మట చెక్‌పోస్టుల నిలుపుదల యొకటి చేరినది. ఆ ఆగుటలన్నిటిని జనులు తిట్టుకొనిరి. ఎవరును కోరకయే అవి బోయీలకు మజిలీలు చేసిన ఉపకారమును చేసినవి.

స్వర్ణచతుర్భుజియని ముద్దుపేరు పెట్టుకొని వాజపేయిగారి ప్రభుత్వకాలమున దేశపు నాలుగు మహానగరములను కలుపుచు వేసిన వెడల్పు బాట తడ మీదుగనే పోయినది. ఐదవ నెంబరు రహదారి పదునాఱవ నెంబరైనది. గేట్ల స్థానమున పైవంతెనలు వచ్చినవి. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చినపిమ్మట భీమునివారిపాళెము వద్ద పన్నుల తనిఖీకై బారులు తీరిన లారీలు కదలిపోయినవి. నలుభుజముల బాట వచ్చినది గాని, దానిమీద ప్రయాణించు ఇరుభుజములవానికి ఆగుటకు కారణము లేకపోయినది. ప్రాణములకును కాలమునకును ఈ బాట చేసిన మేలును నేను కాదనను. భుజము విషయమున మాత్రము, పూర్వము బాట చేసిన పనిని ఇప్పుడు మనిషి బుద్ధిపూర్వకముగా చేసికొనవలసి వచ్చినది.

వేగము సంగతియు చెప్పవలెను. గాలి త్రోపు వేగముతో సమానముగా పెరుగదు. వేగము ఒకటిన్నర రెట్లయినచో త్రోపు రెండింతలకు మించును. అఱువది కిలోమీటర్ల వేగమున రొమ్మును నిమిరిన గాలి తొంబదిలో నెట్టును. నెట్టబడినవాడు హ్యాండిలును పట్టుకొని వ్రేలాడును. ఆ వ్రేలాట బరువును భుజము మోయును. పులికాటు వైపునుండి అడ్డగాలి వీచు మధ్యాహ్నములలో అది ఇంకను అధికము. దీనికితోడు తలమీద కిలోన్నర హెల్మెటు, అది విడువరానిది. వీపున పట్టీలు కోసికొనుచు వ్రేలాడు సంచి, అది విడువదగినది. సంచిని నేను సీటు వెనుక కట్టుట మొదలుపెట్టిన దినముననే నొప్పిలో సగము పోయినది.

తక్కిన సగమునకు ఆ వృద్ధుని మాట మందైనది. మెకానిక్కుచేత హ్యాండిలు బిగింపు వదులుచేయించి, దానిని నావైపునకు రెండంగుళములు త్రిప్పించితిని. మోచేతులు వంగుటకు చోటు దొరికినది. వంగిన మోచేయి కావడిబద్దవంటిది. కుదుపును తానే మ్రింగి భుజమునకు కొంతయే పంపును. తొడలతో ట్యాంకును అదిమి, పాదములను ఫుట్‌రెస్టులపై గట్టిగా మోపి, పొట్టకండరములతో నడుమును నిలిపినచో చేతులు బండిని పట్టుకొనుటకే గాని దేహమును మోయుటకు కావు. పిడికిలి ఎంత వదులుగా నుండవలెననగా, పిచ్చుకపిల్లను పట్టినట్లు. నలుబది కిలోమీటర్లకొకసారి, నొప్పి పుట్టినను పుట్టకున్నను, బండి ఆపి దిగి, భుజములను చెవులవఱకు ఎత్తి దించి, చేతులను వెనుకకు చాచి ఐదు నిమిషములు నడచుచున్నాను. నొచ్చిన పిదప ఆగుటకంటె నొవ్వకముందే ఆగుట మేలని కావడివానికి తెలియును. పదిదినములైనను చేయి పైకి లేవకున్నచో, మధుమేహము గలవారికి భుజము బిగిసిపోయినచో, తైలములతో కాలయాపన చేయక వైద్యుని చూడవలెను. ఎడమభుజపు నొప్పితో రొమ్ము బరువెక్కి చెమటలు పట్టినచో అది బాట వలన వచ్చినది కాదని తెలిసికొని, బండిని అచ్చటనే విడిచి ఆసుపత్రికి పోవలెను.

మొన్న మార్గశిరమున మరల తడలో ఆగితిని. టీబంకు బల్లమీద ఆ పెద్దాయన లేడు. కొడుకువద్దకు సూళ్లూరుపేట పోయినాడని చెప్పిరి. చేపలు అమ్ముకొను యువకుడొకడు టి.వి.ఎస్. బండికి ఇరుప్రక్కల రెండు నీలిరంగు డబ్బాలు వ్రేలాడగట్టుకొని, సరిసమానముగా నున్నవో లేవోయని ఒక్కొక్కదానిని చేతితో ఎత్తి చూచుకొని, ఒకదానిలోని మంచుముక్కలను కొన్ని తీసి రెండవదానిలో వేసెను. అంతలో సత్యవేటి వైపునుండి పొడవైన లారీ యొకటి మలుపు తిరిగి రహదారిని చేరినది. ఆ మండలపు మాదనపాళెమున హీరో వారి కర్మాగారమునకు 2018లో శంకుస్థాపన జరిగిన సంగతి నాకు అప్పుడు తలపునకు వచ్చినది. లారీలోపల క్రొత్త మోటారుసైకిళ్లు వరుసలుగా నిలిచియున్నవి. హ్యాండిళ్లకు చుట్టిన తెల్లని కాగితములు గాలికి రెపరెపలాడుచున్నవి. యువకుడు టీగ్లాసు దించి, తువాలు మడిచి కుడిభుజమునుండి ఎడమభుజమునకు మార్చుకొని, బండిని స్టాండునుండి దించెను.